సూట్‌కేసు సైజు తర్వాత, ముందు పాస్‌పోర్టు తీయండి

ఇంకో ఏడు వారాల్లో మొదటిసారి విదేశం వెళ్తున్నామనీ, మీరిద్దరూ ఏడేళ్ళ పాపా కలిసి ప్రయాణమనీ, దారిలో ఒకచోట విమానం మారాలనీ, మీరు రోజూ బీపీ మాత్రలు వేసుకుంటారనీ రాశారు. ఇంతా రాసి చివరికి అడిగింది మాత్రం "ఎంత సైజు సూట్‌కేసులు కొనాలి, ఏమేం సర్దాలి?" అని. సూట్‌కేసుల సంగతి ఆఖర్న చెబుతాను. అది తప్పుగా కొన్నా ప్రయాణం ఆగదు. ప్రయాణాన్ని ఆపేవి వేరే ఉన్నాయి.

ఇరవై ఏళ్ళకు పైగా ఉద్యోగం పని మీద దేశాలు తిరిగాను. మధ్యలో కొన్నేళ్ళు మా ఆఫీసులో మిగతావాళ్ళ ప్రయాణాలు చూసే పని కూడా నా మెడకే పడింది. ఏమేం తీసుకెళ్ళాలి అని జాబితా రాయడం మొదలుపెడితే అది ఎప్పటికీ తెగదని నాకు అప్పుడే అర్థమైంది. అలా కాకుండా, దారిలో ఎవరెవరు ఎదురవుతారు, ఎవరు ఏమడుగుతారు అని ఆలోచిస్తే పని సులువవుతుంది. చెక్-ఇన్ కౌంటర్లో మనిషి, ఇమిగ్రేషన్ అధికారి, కస్టమ్స్ వాళ్ళు, అవసరమైతే ఓ డాక్టరు, మీ కార్డును అనుమానంగా చూసే బ్యాంకు కంప్యూటరు. వీళ్ళకి జవాబు చెప్పగలిగితే మీరు సిద్ధమైనట్టే.

వీళ్ళలో అందరికంటే గట్టివాళ్ళు మొదటివాళ్ళే. కొత్తవాళ్ళు దిగిన చోట ఇమిగ్రేషన్‌ని తలుచుకుని భయపడతారు కానీ, నేను చూసిన ఆగిపోయిన ప్రయాణాలన్నీ దాదాపు బయల్దేరిన చోటే ఆగాయి. కారణం ఉంది. పత్రాలు సరిగా లేని మనిషిని తీసుకెళ్తే చాలా దేశాలు ఆ విమాన సంస్థకే జరిమానా వేస్తాయి, వెనక్కి తెచ్చే బాధ్యతా దానిదే. అందుకని కౌంటర్లో వాళ్ళు టిమాటిక్ అనే డేటాబేస్ చూస్తారు. విమాన సంస్థల అంతర్జాతీయ సంఘం అయాటా నడిపేది అది. ఏ దేశపు పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు ఏ దేశం మీదుగా ఎక్కడికి వెళ్ళాలంటే ఏం కావాలో అందులో ఉంటుంది. అందులో కుదరదని వస్తే మీరు ఎంత మొత్తుకున్నా బోర్డింగ్ పాస్ చేతికి రాదు. ఇదే సమాచారాన్ని చాలా విమాన సంస్థలు తమ సైట్లలో అందరికీ చూపిస్తాయి. కౌంటర్లో మనిషి చూడబోయేది మీరు ఈ రాత్రే చూసుకోవచ్చు.

నా పాస్‌పోర్టుకి ఒకసారి ఐదు నెలల పది రోజుల గడువు మిగిలి ఉంది. నేను వెళ్ళేది పది రోజులకు. ఇంకేం, బోలెడంత టైముంది అనుకున్నాను. ఆ దేశం అడిగేది ఆరు నెలలు. కౌంటర్లో అమ్మాయి చాలా మర్యాదగా, ఏమాత్రం కరగకుండా, వెనక్కి పంపేసింది. టికెట్ డబ్బులు పోయాయి, సగం పని పోయింది. ఈ ఆరు నెలల నియమం చాలా దేశాలకు ఉంది. షెంగెన్ దేశాల (యూరప్‌లో ఒకే వీసాతో తిరగగలిగే దేశాల) లెక్క వేరు: అక్కడి నుంచి బయటపడే తేదీ తర్వాత ఇంకా 3 నెలలు చెల్లాలి, పైగా ఆ పాస్‌పోర్టు ఇచ్చి 10 ఏళ్ళు దాటి ఉండకూడదు. పాప పాస్‌పోర్టు విడిగా చూడండి. పిల్లలకు చాలా దేశాలు తక్కువ ఏళ్ళ గడువుతో ఇస్తాయి కాబట్టి పెద్దవాళ్ళది బాగానే ఉండి పిల్లది దగ్గరపడిన సందర్భాలు నాకు ఒకటి కంటే ఎక్కువే తెలుసు. ఖాళీ పేజీలు కనీసం రెండు మూడు ఉన్నాయా చూడండి. తడిసిన, కుట్టు ఊడిన, ఫొటో పేజీ లేచిన పాస్‌పోర్టుని "ఇప్పటిదాకా ఎవరూ ఏమీ అనలేదు" అని నమ్ముకోకండి. ఏడు వారాలు చేతిలో ఉన్నాయి, మార్పించుకోవాల్సింది ఉంటే ఈ వారమే ఆ పని మొదలుపెట్టండి.

తర్వాత పేరు. ఫొటో పేజీ కింద 44 అక్షరాల చొప్పున రెండు వరుసలు, బాణం గుర్తులతో, అర్థంకాని భాషలా ఉంటాయి చూడండి. యంత్రం చదివేది వాటినే. పై వరుసలో ఇంటిపేరు ముందు, రెండు బాణం గుర్తుల తర్వాత మిగతా పేరు ఉంటాయి. టికెట్ మీదా, వీసా మీదా పేరు దానికి సరిపోవాలి. మనం వాడుకలో రాసుకునే పేరుకి కాదు. పాస్‌పోర్టులో ఒకే పేరు ఉన్నవాళ్ళు టికెట్ కొనేముందే విమాన సంస్థని అడగాలి, ఎందుకంటే ఫారంలో రెండో గడి ఖాళీగా వదలనివ్వదు, ఒక్కో సంస్థ ఒక్కోలా నింపమంటుంది. పుట్టినతేదీ దగ్గర ఇంకో తంటా. 05/06 అంటే కొన్నిచోట్ల జూన్ 5, అమెరికాలో మే 6. ఆన్‌లైన్ ఫారాల్లో నెల ముందు అడుగుతోందా, రోజు ముందు అడుగుతోందా చూసి నింపండి.

వీసా చేతికొచ్చాక దాన్ని చదవండి. నవ్వకండి, చాలామంది చదవరు. ఒకసారే లోపలికి రానిచ్చేదా, ఎక్కువసార్లా? ఒకసారి వీసాతో వెళ్ళి, మధ్యలో పక్కదేశం చూసొద్దామని గీత దాటితే మళ్ళీ లోపలికి రానివ్వరు. వీసా చెల్లే కాలం వేరు, లోపల ఉండనిచ్చే రోజులు వేరు. అమెరికా వీసా మీద కనిపించే గడువు ఆ దేశపు గుమ్మం దగ్గరికి చేరడానికి ఆఖరి తేదీ. లోపల ఎన్నాళ్ళు ఉండొచ్చో ఐ-94 అనే రికార్డులోని తేదీ చెబుతుంది. షెంగెన్‌లో ఏ 180 రోజులు తీసుకున్నా 90కి మించకూడదు, దిగిన రోజూ బయల్దేరిన రోజూ రెండూ లెక్కలోకే వస్తాయి. షెంగెన్ వీసాకి ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి, కనీసం 15 రోజుల ముందు వరకు దరఖాస్తు పెట్టొచ్చు. ఆ 15 రోజుల మాట నమ్మి కూర్చోకండి, సెలవుల కాలంలో అపాయింట్‌మెంటు దొరకడమే గగనం.

ఈ-వీసా అయితే ఒక హెచ్చరిక. వెతికితే పైన వచ్చే సైట్లు చాలాసార్లు ప్రభుత్వానివి కావు. చూడ్డానికి అచ్చం అలాగే ఉంటాయి, రెండు మూడింతలు ఫీజు తీసుకుంటాయి, కొన్ని పూర్తిగా దొంగవి. ఆ దేశపు రాయబార కార్యాలయం సైటు నుంచి లింకు పట్టుకుని వెళ్ళండి.

ఇప్పుడు మీరు ఒక్క వాక్యంలో దాటేసిన విషయానికి వస్తాను: దారిలో విమానం మారడం. నాకైతే మీ ప్రయాణం మొత్తంలో టెన్షన్ పెట్టేది ఇదొక్కటే. రెండు విమానాలూ ఒకే బుకింగ్‌లో ఉన్నాయా, చవగ్గా వస్తోందని విడివిడిగా కొన్నారా? ఒకే బుకింగ్ అయితే మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోయినా వేరే విమానంలో పంపడం వాళ్ళ పని. విడివిడిగా కొంటే రెండో సంస్థకి మీతో సంబంధం లేదు, మీరు రాలేదు, అంతే. అంతకంటే పెద్ద చిక్కు, విడి టికెట్లయితే మధ్యలో సామాను తీసుకుని మళ్ళీ చెక్-ఇన్ చేయాల్సి రావచ్చు. సామాను తీసుకోవాలంటే ఇమిగ్రేషన్ దాటాలి. దాటాలంటే ఆ దేశపు వీసా కావాలి. మీరు చూడబోని దేశానికి వీసా! అమెరికాలో అయితే ఒకే బుకింగ్ అయినా తప్పదు. అక్కడ బయటికి వెళ్ళకుండా విమానం మారే ఏర్పాటు లేదు, మారేవాళ్ళు కూడా ఇమిగ్రేషన్ దాటాల్సిందే. ఇంకొన్ని దేశాలు కొన్ని పాస్‌పోర్టుల వాళ్ళని విమానాశ్రయం లోపలే ఉన్నా ట్రాన్సిట్ వీసా అడుగుతాయి. కౌంటర్లో సామాను ఇచ్చినప్పుడు హ్యాండిల్‌కి చుట్టే కాగితం మీద పెద్దగా మూడక్షరాల కోడ్ ఉంటుంది. అది మీరు ఆఖర్న దిగే ఊరిదేనా అని అక్కడే నిలబడి చూసుకోండి.

తేదీ గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. మీ విమానం అర్ధరాత్రి తర్వాతదా? 15వ తేదీ 00:40 అని ఉంటే మీరు ఇల్లు కదలాల్సింది 14వ తేదీ సాయంత్రం. 15 రాత్రి తీరిగ్గా సామాను తీసుకుని వచ్చిన కుటుంబాన్ని నేను కళ్ళారా చూశాను. ఆయన టికెట్ తీసి చూపిస్తూ "తేదీ ఇవాళ్టిదే కదండీ" అంటున్నారు. పాపం, తేదీ ఆయన చెప్పినదే. విమానం మాత్రం వెళ్ళి ఇరవై గంటలు దాటింది. హోటల్ బుక్ చేసేటప్పుడు కూడా దిగే తేదీ టికెట్లో చూసి వేయండి, లెక్కగట్టి కాదు.

ఇమిగ్రేషన్ అధికారి నిజానికి అడిగేది నాలుగు మాటలే. ఎందుకొచ్చారు, ఎన్నాళ్ళు, ఎక్కడుంటారు, ఎప్పుడు వెళ్తారు. అడిగినదానికి ఉన్నది ఉన్నట్టు, చిన్నగా చెప్పండి. కథలు వద్దు, జోకులు అసలే వద్దు. మీ ఇద్దరి జవాబులూ ఒకటిగా ఉండేలా దారిలో ఒకసారి అనుకోండి. మొదటి రాత్రి ఉండే చోటి చిరునామా, తిరుగు టికెట్, ఇన్సూరెన్స్ కాగితం ముద్రించి చేతిసంచిలో ఉంచండి. "ఫోన్‌లో ఉంది" అన్నవాళ్ళ ఫోన్లు పద్నాలుగు గంటల ప్రయాణం తర్వాత చచ్చి ఉంటాయి. ఒక పెన్ను పెట్టుకోండి. కొన్ని దేశాలు కాగితం కార్డు తీసేసి ముందే ఆన్‌లైన్‌లో నింపమంటున్నాయి: సింగపూర్‌లో ఎప్పటినుంచో ఉంది, థాయిలాండ్ 2025 మే 1 నుంచి పెట్టింది, రెండిటికీ దిగే ముందు మూడు రోజుల్లోపే నింపాలి. వీటికి ఫీజు లేదు. ఎవరైనా డబ్బు అడిగితే అది అసలు సైటు కాదు. పాప ఇంటిపేరు మీలో ఒకరి ఇంటిపేరుతో కలవకపోతే ఆమె జనన ధ్రువపత్రం నకలు ఒకటి ఉంచండి. తల్లిదండ్రుల్లో ఒక్కరే పిల్లల్ని తీసుకెళ్తే రెండోవాళ్ళ సమ్మతి పత్రం చాలాచోట్ల అడుగుతారు, మీరిద్దరూ వెళ్తున్నారు కాబట్టి ఆ బెడద లేదు.

మందుల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, మీరు అడగలేదు కానీ మీకు కావాల్సింది ఇదే.

మాత్రలు వాటి అసలు పట్టీల్లోనే, పెట్టెల్లోనే ఉంచండి. వారం రోజుల గడులున్న డబ్బాలోకి మార్చి తీసుకెళ్తే అవేమిటో కస్టమ్స్ వాళ్ళకి నిరూపించలేరు. డాక్టరు చీటీ మీద కంపెనీ పెట్టిన పేరు కాకుండా మందు అసలు పేరు, మోతాదు ఇంగ్లీషులో రాయించుకోండి. కంపెనీ పేర్లు దేశం దాటితే ఎవరికీ తెలియవు. కొన్నిసార్లు అసలు పేరే మారుతుంది: పారాసెటమాల్‌ని అమెరికాలో అసిటామినోఫెన్ అంటారు, ఆస్తమాకి వాడే సాల్‌బుటమాల్‌ని ఆల్‌బుటెరాల్ అంటారు. ఉండే రోజులకు ఒక వారం అదనంగా తీసుకెళ్ళండి. సగం మీ చేతిసంచిలో, సగం మీ ఆవిడ చేతిసంచిలో. కింద వేసే సామానులో ఒక్క మాత్ర కూడా వద్దు. ఇన్సులిన్ వాడేవాళ్ళు ఇది మరీ గుర్తుంచుకోవాలి, సామాను గదిలో చలికి గడ్డకడితే అది పనికిరాదు. చేతిసంచిలో ద్రవాల సీసా ఏదీ 100 మిల్లీలీటర్లు మించకూడదనే నియమం నుంచి మందు సీసాలకి మినహాయింపు ఉంటుంది, తనిఖీ దగ్గర ముందే బయటికి తీసి చెప్పాలి.

ఇంట్లో మామూలుగా వాడే మందు అక్కడ నిషేధం కావచ్చు. జలుబు మాత్రల్లో ఉండే సూడోఎఫెడ్రిన్ 10 శాతం మించితే జపాన్‌లోకి తేకూడదు. ఏకాగ్రత సమస్యకి కొన్ని దేశాల్లో ఇచ్చే ఆంఫెటమైన్ మందులైతే డాక్టరు చీటీ ఉన్నా అక్కడ కుదరదు. కోడీన్ ఉన్న దగ్గుమందు, ట్రమడాల్ లాంటి నొప్పిమాత్రలు దుబాయ్ ఉన్న అరబ్ ఎమిరేట్స్ దేశానికి తీసుకెళ్ళాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. మీ బీపీ మాత్రలకి ఈ గొడవ సాధారణంగా ఉండదు. కానీ పాప కోసం సర్దే దగ్గుమందుని ఓసారి తిప్పి, వెనక రాసినది చదవండి. ఎన్ని గంటల తేడా ఉన్న దేశమో డాక్టరుకి చెప్పి మాత్ర వేసుకునే వేళ ఎలా జరపాలో అడగండి. చాలామంది పాత టైము ప్రకారం అర్ధరాత్రి లేచి వేసుకుంటారు, లేదా ఒక రోజు పూర్తిగా మరిచిపోతారు.

అదే అపాయింట్‌మెంట్‌లో టీకాల సంగతి కూడా తేల్చుకోండి. నాలుగు నుంచి ఆరు వారాల ముందు వెళ్ళమనేది ఎందుకంటే కొన్ని టీకాలకు రెండు మూడు డోసులుంటాయి. ఎల్లో ఫీవర్ టీకా ధ్రువపత్రం వేయించుకున్న 10 రోజుల తర్వాతే చెల్లుతుంది. 2016 జులై నుంచి అది జీవితాంతం చెల్లుతోంది కాబట్టి పాత పుస్తకం ఉంటే పారేయకండి. మీరు వెళ్ళే దేశంలో ఆ జబ్బు లేకపోయినా, మీరు విమానం మారే దేశంలో ఉంటే, అక్కడ 12 గంటలకు మించి ఆగితే, పత్రం చూపమనే దేశాలున్నాయి.

ఇన్సూరెన్స్ విషయంలో ఒక్కటే చెబుతాను: బీపీ ఉందని రాసి కొనండి. దాచిపెడితే ప్రీమియం కొంచెం తగ్గుతుంది, ఆసుపత్రి బిల్లు వచ్చినప్పుడు మొత్తం పోతుంది. మీ బీపీ వల్ల వచ్చిన సమస్యకి కూడా చెల్లిస్తారా అని రాతపూర్వకంగా అడగండి. షెంగెన్ వీసాకి కనీసం 30,000 యూరోల వైద్య కవరేజీ అడుగుతారు. అది వాళ్ళు పెట్టిన కనీసం, మీకు సరిపోయేది అని కాదు. పెద్ద ఖర్చు సాధారణంగా ఆసుపత్రిలోనో, రోగిని ఇంటికి చేర్చే విమానంలోనో వస్తుంది, ఈ రెండోది పాలసీలో ఉందా చూడండి. మోటార్ సైకిల్, నీటి ఆటలు, మద్యం తాగి జరిగినవి సాధారణంగా మినహాయింపుల్లో ఉంటాయి. వాళ్ళ అత్యవసర నంబరు ఇద్దరి ఫోన్లలోనూ, ఒక కాగితం మీదా ఉండాలి.

ఇక డబ్బు. నగదు ఎంత, కార్డు ఎంత అని అందరూ అడుగుతారు. నన్నడిగితే మీకు కావాల్సింది రెండు వేర్వేరు బ్యాంకుల కార్డులు, వీలైతే రెండు వేర్వేరు నెట్‌వర్కులవి, ఇద్దరి దగ్గర చెరొకటి. విదేశీ వాడకం ఆన్ చేసి ఉందో లేదో బయల్దేరే ముందే చూడండి. అన్నిటికంటే ముఖ్యం, ఓటీపీ. నేను ఓ రాత్రి హోటల్ గదిలో కూర్చుని రైలు టికెట్ కొనబోతే ఓటీపీ నా ఇంటి సిమ్‌కి వెళ్ళింది. ఆ సిమ్ తీసి పర్సులో పెట్టి స్థానిక సిమ్ వేసుకున్నాను. మళ్ళీ మార్చి వేస్తే రోమింగ్ లేదు. చేతిలో ఫోను, అందులో నెట్, ఖాతాలో డబ్బు, అన్నీ ఉండి టికెట్ కొనలేకపోయాను. అప్పట్నుంచి ఇంటి సిమ్‌కి రోమింగ్ ఆన్ చేయించి, డేటా మాత్రం ఆఫ్ చేసి, ఫోన్లోనే ఉంచుతున్నాను. చాలా ప్లాన్లలో రోమింగ్‌లో మెసేజ్ అందుకోవడానికి డబ్బు పడదు, మీ కంపెనీని అడిగి తేల్చుకోండి. నెట్ కోసం ఈ-సిమ్ (కార్డు లేకుండా ఫోన్‌లోకి ఎక్కించే సిమ్) తీసుకోండి. ఇంట్లో వైఫై ఉండగానే దాన్ని ఫోన్‌లోకి ఎక్కించండి, దిగాక ఎక్కించాలంటే నెట్ కావాలి, నెట్ కోసమే కదా అది.

దుకాణంలోనో ఏటీఎంలోనో కార్డు పెట్టగానే "మీ దేశపు డబ్బులో చెల్లిస్తారా?" అని మిషన్ ప్రేమగా అడుగుతుంది. వద్దనండి. ఎప్పుడూ అక్కడి కరెన్సీనే నొక్కండి. మీ డబ్బులో చూపించే ఆ మారకపు రేటులో వాళ్ళ లాభం కలిపి ఉంటుంది. హోటళ్ళు, అద్దె కార్ల వాళ్ళు డిపాజిట్ కింద కొంత సొమ్ము కార్డు మీద బిగబట్టి ఉంచుతారు. డెబిట్ కార్డు ఇస్తే అది మీ ఖాతాలో డబ్బే, రోజుల తరబడి వాడుకోలేరు. నగదు మొదటి రెండు రోజులకు సరిపడా చాలు, చిరిగిన, గీతలు పడిన నోట్లు తీసుకోకండి. అమెరికాలోకి 10,000 డాలర్లకు మించి, యూరోపియన్ యూనియన్‌లోకి 10,000 యూరోలు గాని అంతకుమించి గాని తీసుకెళ్తే చెప్పాలి. తీసుకెళ్ళడం నేరం కాదు, చెప్పకపోవడమే నేరం.

తిండి విషయంలోనూ అంతే. ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ లాంటి దేశాలు గింజలు, పండ్లు, మాంసం, పాలతో చేసినవి, చెక్కవస్తువులు, మట్టి అంటిన బూట్లు కూడా చూస్తాయి. న్యూజీలాండ్‌లో చెప్పకుండా తెస్తే అక్కడికక్కడే 400 డాలర్లు, వాళ్ళ డాలర్లే, కట్టాలి. పాప బ్యాగులో మర్చిపోయిన ఒక ఆపిల్ పండు కూడా లెక్కే. అనుమానం ఉంటే ఫారంలో అవునని రాసేయండి. చెప్పినదాన్ని మహా అయితే తీసి పారేస్తారు.

పాస్‌పోర్టు పోతే ఏం చేయాలో కూడా ఇంట్లో ఉండగానే అనుకోండి. ఫొటో పేజీ, వీసా పేజీల నకళ్ళు అసలుతో కలిపి కాకుండా వేరే సంచిలో ఉండాలి. ఒక కాపీ మీ మెయిల్‌లో, ఒకటి ఇంటి దగ్గర నమ్మకస్తుల దగ్గర. తలా నాలుగు పాస్‌పోర్టు సైజు ఫొటోలు. పోతే ముందు పోలీసు రిపోర్టు, ఆ తర్వాత మీ దేశపు రాయబార కార్యాలయం. వాళ్ళు ఇంటికి చేరడానికి అత్యవసర పత్రం ఇవ్వగలరు. బిల్లులు కట్టరు, కేసులోంచి విడిపించరు. కానీ ఎవరినైనా అరెస్టు చేస్తే, వాళ్ళు కోరినప్పుడు వాళ్ళ దేశపు కాన్సులేట్‌కి తెలియజేయాలని 1963 నాటి వియన్నా ఒప్పందం చెబుతోంది. ఆ అవసరం మీకు రాదు, ఆ హక్కు ఉందని తెలిసి ఉంటే చాలు. అత్యవసర నంబరు చాలా దేశాల్లో మొబైల్ నుంచి 112, అమెరికా, కెనడాల్లో 911. పాప జేబులో మీ ఇద్దరి నంబర్లు, హోటల్ పేరు రాసిన చీటీ రోజూ ఉండాలి.

ఇప్పుడు సూట్‌కేసులు. పెద్దది ఒకటి కాకుండా మధ్య సైజువి రెండు కొనండి. పెద్దది నిండితే ఒకరు ఎత్తలేరు, పైగా చాలా విమానాశ్రయాలు ఒక్క సంచి 32 కిలోలు దాటితే అసలు తీసుకోవు, అది ఎత్తే పనివాళ్ళ నడుం కోసం పెట్టిన హద్దు. మీ టికెట్‌కి ఎన్ని కిలోలు, ఎన్ని సంచులు అన్నది రెండు విమానాలకీ వేర్వేరుగా చూడండి. ముగ్గురి బట్టలూ రెండు పెట్టెల్లో కలగలిపి సర్దండి, ఒకటి రాకపోయినా అందరికీ మార్చుకోను ఒక జత ఉంటుంది. చేతిసంచిలో కూడా తలా ఒక జత. పాత ప్రయాణం స్టిక్కర్లు పీకేయండి, స్కానర్లు వాటిని చదివి పొరపాటు పడతాయి. పెట్టె లోపల కూడా పేరు, ఫోన్ నంబరు రాసిన కాగితం వేయండి. మూసే ముందు లోపలిదొకటి, మూశాక బయటిదొకటి ఫొటో తీయండి.

పెట్టె రాకపోతే ఆ హాలు దాటి బయటికి రాకముందే ఫిర్యాదు రాయించి నంబరు తీసుకోండి. బయటికొచ్చాక మీ మాట ఎవరూ వినరు. మాంట్రియల్ ఒప్పందం ప్రకారం పగిలిన సామాను గురించి అందుకున్న 7 రోజుల్లోపు, ఆలస్యంగా వచ్చినదాని గురించి అందిన 21 రోజుల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నష్టపరిహారానికి పరిమితి 2024 డిసెంబర్ 28 నుంచి మనిషికి 1,519 ఎస్‌డీఆర్. అంతర్జాతీయ ద్రవ్య నిధి (ఐఎంఎఫ్) వాడే లెక్క ప్రమాణం అది, డాలర్లలో ఇంకొంచెం ఎక్కువే అవుతుంది. ఆలస్యమైన రోజుల్లో కొన్న బట్టల రసీదులు దాచండి, అవి లేకుండా ఒక్క పైసా రాదు.

పవర్ బ్యాంకులు చేతిసంచిలోనే. బ్యాటరీలో పట్టే కరెంటుని వాట్-అవర్లలో కొలుస్తారు: 100 వాట్-అవర్ల వరకు మామూలుగా ఒప్పుకుంటారు, 100 నుంచి 160 మధ్య అయితే విమాన సంస్థ అనుమతి కావాలి, ఆపైన ఒప్పుకోరు. మీదాని మీద 20,000 ఎంఏహెచ్ అని ఉంటే 3.7తో గుణించి వెయ్యితో భాగించండి, 74 వాట్-అవర్లు వస్తుంది, ఇబ్బంది లేదు. అంకె చెరిగిపోయి ఉంటే తీసి చెత్తలో వేస్తారు. ఛార్జర్ల మీద 100–240వి అని ఉంటే ఎక్కడైనా పనిచేస్తాయి, ప్లగ్గు ఆకారం మార్చే అడాప్టర్ చాలు. 220 అని మాత్రమే ఉన్న ఇస్త్రీపెట్టె, హెయిర్ డ్రయ్యర్ 100 వోల్టుల జపాన్‌లో సరిగా వేడెక్కవు. అవి ఇంట్లోనే ఉంచండి, హోటళ్ళలో ఉంటాయి.

బట్టల గురించి నేను చెప్పేదేమీ లేదు, వాతావరణం చూసుకుని మీరు అనుకున్నదాంట్లో సగం పెట్టండి. పాపకి విమానంలో నిద్ర పట్టడానికి అలవాటైన దుప్పటి ఒకటి మాత్రం మర్చిపోవద్దు.

ఈ రాత్రికి రెండు పనులు చేయండి. మూడు పాస్‌పోర్టుల గడువు తేదీలు ఒక కాగితం మీద రాసి, వాటి పక్కనే తిరిగొచ్చే తేదీ కూడా రాసి మధ్యలో ఎన్ని నెలలో లెక్కించండి. విమానం మారే చోట సామాను మీరు తీసుకోవాలో వద్దో విమాన సంస్థకి ఫోన్ చేసి అడగండి. తీసుకోవాలి అని చెబితే, సూట్‌కేసుల షాపుకి వెళ్ళే ముందు ఆ దేశపు వీసా కోసం వెళ్ళండి.